దోస్తుకు వచ్చిన పొక్కులు

మోకాలి మీద పొక్కు లేస్తే మీరు ఎవరికి చూపిస్తారు? పక్కింటివాడికి చూపిస్తారు. బస్సులో పక్కన కూర్చున్నవాడికి చూపిస్తారు. అడగకపోయినా పంచె ఎత్తి మరీ చూపిస్తారు. సరే. అదే పొక్కు రెండు జానల పైన లేస్తే ఎవరికి చూపిస్తారు?

తొందరేం లేదు, ఆలోచించుకోండి. నేను ఉద్యోగమంతా పల్లెటూరి దవాఖానాల్లోనే చేశాను కాబట్టి జనం ఈ ప్రశ్నకు ఏం జవాబు చెప్తారో నాకు తెలుసు. ఎవరికీ చూపించరు. చూపించకుండానే మందు అడుగుతారు. మందు ఇచ్చేవాడు కూడా చూడకుండానే ఇస్తాడు. రోగం ఒక్కటే ఈ ఏర్పాటుతో హాయిగా ఉంటుంది.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో నన్ను నాగర్‌కర్నూల్ తాలూకా దవాఖానాకు వేశారు. పట్నంలో చదువుకునేటప్పుడు నాకు వాదసభల పిచ్చి ఉండేది. దేవుడు, దయ్యం, పునర్జన్మ, శకునం, వీటన్నిటినీ సాయంత్రంపూట వేదికల మీద ఓడించి, చప్పట్లు కొట్టించుకుని, మెస్సుకు వచ్చి చల్లారిన అన్నం తినేవాడిని. నాగర్‌కర్నూల్‌లో నా పనికి దయ్యాలు అంతగా అడ్డం రాలేదు. సిగ్గు వచ్చింది. దాన్ని ఎట్లా ఓడించాలో ఏ సభలోనూ నేర్పలేదు.

దవాఖానాలో నాతో ఇద్దరు పనిచేసేవారు. ఒకరు కాంపౌండర్ సాబ్. నా తండ్రి వయసు ముస్లిం పెద్దమనిషి. ఎందరో డాక్టర్లు రావడం పోవడం చూసినవాడు కనుక నేనూ పోతానని ఆయనకు గట్టి నమ్మకం. రెండోవారు పట్నంలో కాన్పుల పని నేర్చుకుని వచ్చిన విధవరాలు. అందరూ నర్సమ్మ అనేవారు. ఆమె తక్కువ మాట్లాడేది. మాట్లాడితే ఎదుటివాళ్లు తక్కువ మాట్లాడేవారు.

చేరిన కొత్తలోనే ఒక పోలీసు జమాదారు వచ్చాడు. బల్ల దగ్గరికి వంగి, గొంతు తగ్గించాడు.

"సాబ్, మా దోస్తుకు జర పరేషాన్ ఉంది."

"ఏం పరేషాన్?"

"కింద... పొక్కులు."

"దోస్తు ఏడి?"

"ఊర్ల లేడు సాబ్."

"నొప్పి ఉన్నదా?"

"లేదు. అంటే, లేదంటుండు."

"దురద?"

జమాదారు ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుని ఆలోచించాడు. "జర ఉంటది."

"ఊర్ల లేనోని దురద నీకెట్ల తెల్సింది?"

"జాన్ జిగ్రీ దోస్తు సాబ్."

చూడకుండా మందు ఇవ్వనన్నాను. అతను నా వైపు జాలిగా చూసి మందుల కిటికీ దగ్గరికి పోయాడు. అక్కడ కాంపౌండర్ సాబ్ ఏమీ అడగకుండా ఒక డబ్బీ చేతిలో పెట్టి, "దోస్తుకు సలాం చెప్పు," అన్నాడు.

ఆ డబ్బీలో ఉండేది గంధకం మలాం. అది గజ్జికి మందు. కొందరి దోస్తులకు ఉన్నది నిజంగానే గజ్జి కాబట్టి తగ్గేది. అంతమాత్రాన తాలూకాలోని దోస్తులందరికీ అదే మందయింది. నేను కోప్పడితే కాంపౌండర్ సాబ్ నెమ్మదిగా చెప్పాడు: "దోస్తును తేవాలంటే దోస్తు రాడు సాబ్. మందిస్తే దువా అయినా ఇస్తడు. పోనియ్యుండ్రి."

పోనివ్వడానికి వీల్లేదు. ఆ చోట లేచే పొక్కుల్లో కొన్ని అసలు రోగమే కావు, చర్మం పుట్టుకతో అట్లా ఉంటుంది. కొన్ని వెంట్రుక లోపలికి పెరిగి వాచినవి. కొన్ని గజ్జి, కొన్ని పులిపిర్లు. కొన్ని మా వైపు గర్మి అనే సవాయి రోగం. ఇంగ్లీషులో దాన్ని సిఫిలిస్ అంటారు. మాటల్లో చెప్తే ఇవన్నీ ఒక్కటే: "కింద పొక్కులు." కంటితో చూస్తే వేరు వేరు. ఇంతకన్నా పెద్ద శాస్త్రం ఇందులో ఏమీ లేదు.

అందుకని ఒక పర్దా కట్టించాను. వడ్లాయనతో కొయ్య చట్రం చేయించి, కచ్చేరీలో బల్ల మీద పరిచే ఆకుపచ్చ గుడ్డ పాతది అడిగి తెచ్చి దానికి కొట్టించాను. సిగ్గుపడేవాళ్లు పర్దా వెనక్కి వచ్చి చూపించుకోవచ్చునని కాంపౌండర్ సాబ్‌తో చాటించాను. ఆయన గొంతు పెద్దది. బజారు దాకా వినిపించింది.

మొదట పర్దా వెనక్కి వెళ్లినవాడు బడిపంతులు. దగ్గు మందుకు వచ్చి, ధోవతి వదులైతే బిగించుకుందామని వెళ్లాడు. సాయంత్రానికల్లా పంతులుకు గర్మి అని ఊరు తీర్మానించింది. ఆయన ఇల్లాలు నర్సమ్మ దగ్గరికి వచ్చి ఏడ్చిపోయింది. ఆయనకు ఉన్నదల్లా దగ్గు, వదులు ధోవతి. ఆ తర్వాత పర్దా దరిదాపులకు మనిషన్నవాడు రాలేదు. ఎండ తగలకుండా ఉంటుందని ఒక మేక మాత్రం వచ్చి పడుకునేది.

ఇక్కడ నా చదువు ఆగిపోయింది, విసుగు పనికొచ్చింది. సిగ్గుపడేవాళ్లకే పర్దా ఉంటే, పర్దా వెనక్కి పోవడమే ఒప్పుకోలు. కాబట్టి ఇకనుంచి అందరూ పర్దా వెనక్కే రావాలన్నాను. రోగం ఏదైనా సరే.

"చెవుల చీము కారేటోడు పర్దా ఎనక ఏం చేస్తడు సాబ్?" అన్నాడు కాంపౌండర్ సాబ్.

"చెవి చూపిస్తడు."

"తేలు కుట్టినోడు?"

"కుట్టిన కాడ చూపిస్తడు."

"జ్వరమొచ్చినోడు?"

"నాలుక చూపిస్తడు."

"నాలుకకు గూడ పర్దానా! నవాబుల నాలుకలకు గూడ గీ ఇజ్జతు లేదు సాబ్."

కానీ ఆయన మనిషి ఎట్లాంటివాడంటే, ఒప్పుకోని నియమాన్ని కూడా తన చేతికి వచ్చాక తనదనుకుని కాపాడతాడు. వారం తిరగకముందే గుమ్మంలో నిలబడి, చిటికెనవేలు తెగినవాణ్ణి కూడా భుజం పట్టి పర్దా వెనక్కి తోస్తున్నాడు. జనం మొదట నవ్వారు. తర్వాత అలవాటు పడ్డారు. ఆ తర్వాత పర్దా వెనక్కి పిలవకపోతే డాక్టరు సరిగా చూడలేదని అలిగారు. మేక వేరే చోటు చూసుకుంది.

అప్పుడు దోస్తులు ఒక్కొక్కరే ఊళ్లోకి రావడం మొదలైంది.

ముందు జమాదారు దోస్తు వచ్చాడు, జమాదారు రూపంలోనే. ఈలోగా వనపర్తి వైపు ఒక వైద్యుడి దగ్గరికి పోయి వచ్చానన్నాడు. ఆ వైద్యుడు కూడా చూడలేదట, నాడి పట్టి గర్మి అని తేల్చి, రసకర్పూరం గోలీలు ఇచ్చాడట. అది పాదరసం. తింటే చిగుళ్లు వాచి, నోరంతా పుండై, చొంగ ధారగా కారుతుంది. దాన్ని "నోరు తెప్పించడం" అంటారు, చొంగతోపాటు రోగం కారిపోతుందని నమ్ముతారు. జమాదారుకు చొంగతోపాటు ముందరి పళ్లు పోయాయి. పొక్కులు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

పర్దా వెనక దీపం దగ్గరగా పెట్టి చూశాను. ఆవగింజంత లేత పసుపు గింజలు. ఎంతోమంది చర్మంలో పుట్టుకతోనే ఉండే నూనె గ్రంథులు. దురద మాత్రం అతను రుద్దుకున్న మందులది.

"ఇది రోగం కాదు," అన్నాను.

"మరేంది సాబ్?"

"నీ తోలు."

"దీనికి మందు?"

"లేదు. అక్కర లేదు."

జమాదారు నాలుకతో బోసి చిగుళ్లు తడుముకున్నాడు. "మరి నా పండ్లు?" అన్నాడు.

దానికీ మందు లేదు.

ఇట్లాంటి రోగులను సర్కారు దవాఖానాలో చూడవద్దని చెప్పే నీతిమంతులు కూడా ఊళ్లో ఉండేవారు. ఊరి గ్రంథాలయంలో ఒక పెద్దాయన నన్ను నలుగురిలో నిలదీశాడు. తప్పు చేసినవాడికి మందు ఇవ్వడం తప్పును పెంచి పోషించడమేనన్నాడు. వాంతులు విరేచనాలతో వచ్చినవాణ్ణి ఏ బావి నీళ్లు తాగావో, ఎందుకు తాగావో చెప్పి ప్రాయశ్చిత్తం చేసుకున్నాక మందు తీసుకోమందామా అని అడిగాను. అది వేరు ఇది వేరన్నాడు. ఎట్లా వేరో చెప్పమంటే, చెప్పడానికి సిగ్గేస్తుందన్నాడు. సభ ముగిసింది. నేను గెలిచానని నలుగురూ అన్నారు. గెలిచినందువల్ల ఎవరి రోగమూ తగ్గలేదు.

ఇక అసలు సంగతి చెప్తాను. పేర్లూ ఊరూ చెప్పను. వాళ్ల మనుమలు ఇది చదువుతూ ఉండవచ్చు.

కొల్లాపూర్ తోవలో ఒక పల్లె నుంచి ఒక యువకుడు వచ్చాడు. మెట్ట చేను, ఒక జత ఎడ్లు, ఇద్దరు మనుషుల బలం ఉన్న ఒళ్లు. పర్దా వెనక్కి వచ్చి తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నాకు కాదు సాబ్."

"దోస్తుకా?"

"దోస్తెవరు సాబ్? మా ఇంటిదానికి. పొక్కులైనయి, చెప్పుకోరాని కాడ. పోయినేడు గూడ అయినయి. ఆకు పసరు రాస్తె పోయినయి. మల్ల అయినయి. గర్మి అంటుంది మా అమ్మ."

"మీ అమ్మకు వైద్యం తెలుసా?"

"ఆమెకు అత్త గద సాబ్."

ఇంతకన్నా పెద్ద పట్టా పట్నంలో కూడా ఇవ్వరు. కడుపుతో ఉందా అని అడిగాను.

"ఐదో నెల. పోయినేడు ఏడో నెలల పోయింది. సచ్చిన పిల్ల పుట్టింది. నాగదోషమన్నరు. పుట్టల పాలు పోసినం."

"పోయిందా?"

"ఏంది సాబ్?"

"దోషం."

అతను నవ్వాలో వద్దో తేల్చుకోలేక తలపాగా మెలిపెట్టాడు. తర్వాత ఒక్క గుక్కలో చెప్పేశాడు. "మా పెద్దనాయన కులంల పెద్దమనిషి. అమాస ఎల్లినంక పంచాతికి కూసుంటరంట. ఆమె మంచిది కాదు, మంచిదైతె గీ రోగం యాడికెల్లొస్తదంటుండ్రు. తల్లిగారింటికి తోలుతరంట. నాకు ఇంకొకతెను చూస్తరంట."

"నువ్వేమంటవు?"

"నేనేమంట సాబ్. జర మలాం ఇయ్యుండ్రి. అమాస లోపల పొక్కులు పోతె సాలు."

మలాం ఇవ్వలేదు. మనిషిని తీసుకురమ్మన్నాను. నర్సమ్మే చూస్తుందని, ఆలస్యం చేస్తే ఈ పిల్ల కూడా దక్కకపోవచ్చని చెప్పాను. ఆ చివరి మాటకే కదిలాడు.

సంత రోజున బండి వచ్చింది. బండిలో ఆ అమ్మాయి, అత్త. వాళ్ల వెనక కర్ర పోటేసుకుంటూ పెద్దనాయన కూడా దిగాడు. డాక్టరు నోటితో గర్మి అనిపించుకుని పోతే కులంలో చెప్పడం సులువని వచ్చాడు. ఆయన మోకాలు నొప్పితో కుంటుతుండడం కాంపౌండర్ సాబ్ చూడనే చూశాడు.

"కాలు నొప్పా పెద్దయ్యా? పదుండ్రి, పర్దా ఎనకకు."

"నేను చూపించుకోనీకె రాలే."

"నొప్పి వచ్చింది గద. నడువుండ్రి."

పెద్దనాయన మోకాలు చూసి తైలం ఇచ్చాను. తనకొక్కడికే ఇంత మర్యాద చేశామనుకుని కొంచెం మెత్తబడి, బయట బల్ల మీద కూర్చున్నాడు. భర్త ఆవరణలో వేపచెట్టు కింద రాతి మీద కూర్చుని బీడీ ముట్టించాడు.

అమ్మాయిని నర్సమ్మ పర్దా వెనక్కి తీసుకుపోయింది. ముందు తను చూసి, తర్వాత తను పక్కన ఉండగా నన్ను పిలిచింది. వెడల్పుగా, తడిగా, బూడిద రంగులో, నొప్పి లేని బుడిపెలు. అరచేతులు తిప్పి చూశాను. రాగి రంగు మచ్చలు. నేను నర్సమ్మ వైపు చూశాను. ఆమె నా వైపు చూసింది. నెత్తురు పరీక్షకు పట్నం పంపాలి, పంపాం కూడా. కానీ జవాబు వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. గర్మి రెండో దశకు వచ్చింది. దాన్ని ఊరికే వదిలేస్తే తల్లి నుంచి కడుపులోని బిడ్డకు పోతుంది. పోయినేటి బిడ్డ ఎందుకు పోయిందో కూడా తెలిసినట్టే.

"నేను ఏ తప్పు చేయలే సాబ్," అన్నది అమ్మాయి, కొంగు నోట్లో కుక్కుకుంటూ.

"నిన్నెవరడిగిండ్రే?" అన్నది నర్సమ్మ. "అడగనిదానికి జవాబు చెప్పకు. అడగాల్సింది అడుగు."

ఆ అమ్మాయి కొంగు తీసి అడిగింది. "గీ పిల్లన్న బతుకుతదా?"

"ఇప్పుడే మందు మొదలుపెడితే బతకొచ్చు," అన్నాను. "కానీ నీ ఒక్కదానికి ఇస్తే సరిపోదు."

ఆమెకు అర్థమైంది.

వేపచెట్టు దగ్గరికి పోయి, అతని పక్కన కూర్చుని, మెల్లగా అడిగాను. నీకు ఎప్పుడన్నా అక్కడ పొక్కు గానీ పుండు గానీ అయిందా?

"లే సాబ్." బీడీ రెండు దమ్ములు లాగాడు. "ఒక్కపారి. లగ్గమైన ఏడాది రాయిచూరు పత్తి మిల్లుకు పోయినప్పుడు. చిన్న పుండు. నొప్పి గూడ లేకుండె. దానంతట అదే మానింది. రోగమైతె మానుతదా సాబ్?"

చదువుతున్నవాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మానుతుంది. ఈ రోగం చేసే మోసం అదే. పుండు వస్తుంది, నొప్పి పెట్టదు, మందు వేయకపోయినా మానుతుంది. మానడం పైకే. లోపల నెత్తుట్లో రోగం తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు రాసుకున్న ఆకు పసరుకో, కట్టిన తాయెత్తుకో పేరు వస్తుంది. పుండు మానినవాడు శుద్ధుడై ఇంటికి వస్తాడు, అతని నుంచి అంటుకున్న భార్యకు పొక్కులు కనిపిస్తాయి. కనిపించినవాళ్లదే తప్పవుతుంది.

ఇదంతా అతనికి చెప్పాను. లోపలికి వస్తే చూస్తానన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"పెద్దనాయన ముంగట నన్ను లోపలికి పిలువకుండ్రి సాబ్. ఇజ్జతు పోతది."

నేను తిరిగి వచ్చేసరికి పెద్దనాయన లేచి నిలబడి ఉన్నాడు. సంతకు వచ్చినవాళ్లు వరండా నిండా ఉన్నారు.

"చెప్పుండ్రి డాక్టరు సాబ్. గర్మేనా?"

"ఆమెకు మందు కావాలి. ఆమె భర్తను కూడా చూడాలి."

"వానికేమైంది? ఎద్దు లెక్కున్నడు. పొక్కులు ఆడిదానికి. తెచ్చింది ఎవరో తెలుస్తనే ఉంది గద!"

"ఎవరు తెచ్చారో చెప్పడం నా పని కాదు."

"మరి నీ పనేంది?"

"ఇద్దరినీ చూడడం."

"చూసేటిదేం లేదు. మందిస్తె ఇయ్యి, లేకుంటె లేదు. ఎట్లైన ఆమెను తోలేటిదే."

వాదసభల్లో నేను ఎన్నడూ ఇంత కష్టపడలేదు. అక్కడ గెలవడానికి తెలిసినదంతా చెప్పవచ్చు. ఇక్కడ గెలిపించే మాట ఒక్కటే ఉంది, అది అతను నాకు నమ్మి చెప్పిన మాట. దాన్ని వరండాలో పారేస్తే ఈ అమ్మాయి నిలబడుతుంది, కానీ ఆ తాలూకాలో ఇంకెవ్వరూ నాకు నిజం చెప్పరు. నేను నోరు మూసుకుని నిలబడ్డాను. అలవాటు లేని పని కనుక అదీ బాగా చేయలేకపోయాను. అత్త గెలిచినట్టు చెంగు బిగించుకుంది.

అప్పుడు పర్దా వెనక నుంచి మాట వినిపించింది. పెదమామ ముందు నోరెత్తకూడని కోడలు. ఎదురుగా లేదు కాబట్టి ఎత్తింది.

"గీడ అందరు పర్దా ఎనకకు వోతరంట గద. కాలు నొస్తె పెదమామ గూడ వచ్చిపోయిండు. చెవి నొచ్చినోళ్లు, చెయ్యి తెగినోళ్లు అందరు వస్తుండ్రు. ఆయనొక్కడు ఎందుకు రాడు?"

అత్త, "నోరు చూడు నోరు!" అనబోయి సగంలో ఆపుకుంది.

కాంపౌండర్ సాబ్ మందుల కిటికీలో నుంచి తల బయటపెట్టాడు. "ఉసూలు ఉసూలే పెద్దయ్యా. దవాఖాన గడప తొక్కినోడెవరైన పోవాల్సిందే. మీకు లేని మినాయింపు పోరగానికెట్ల ఇస్తం?"

పెద్దనాయనకు ఇది ఇరకాటమైంది. మర్యాద అనుకుని తను పోయి వచ్చాడు, ఇప్పుడు అదే అవమానమని ఎట్లా అంటాడు? "పోనీ, పోయి రాపోరా," అన్నాడు చెట్టు వైపు చూసి. "నీకేమున్నదని? చూసి నోరు మూసుకుంటడు."

భర్త బీడీ పారేశాడు. వచ్చాడు. నర్సమ్మ అమ్మాయిని పక్కకు తీసుకుపోయింది.

పర్దా వెనక చూశాను. పాత పుండు మచ్చ ఉంది. గజ్జల్లో గడ్డలు చేతికి తగిలాయి. ఇద్దరికీ వారం వారం సూదులు వేయాలని, చాలా నెలలు పడుతుందని, పొక్కులు పోయాయని మధ్యలో మానేస్తే రోగం మళ్లీ లేస్తుందని, అప్పటిదాకా ఇద్దరూ ఎడంగా ఉండాలని చెప్పాను. అతను విన్నాడో లేదో తెలియలేదు. గోడ వైపే చూస్తున్నాడు.

"సాబ్. పోయినేటి పిల్ల. అది నాగదోషం కాదా?"

"కాదు."

అతను తలపాగా చుట్టుకున్నాడు. సరిగా రాలేదు. విప్పి మళ్లీ చుట్టుకుని బయటికి పోయాడు.

"ఏమన్నడు?" అన్నాడు పెద్దనాయన.

"రేపు పరగడుపున రమ్మన్నడు. సూదులు."

"ఎవరిని?"

"ఇద్దరిని. ముందు నాకు."

అత్త బల్ల మీద కూలబడింది. పెద్దనాయన కర్ర ఒక చేతిలో నుంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "మరి పిల్లను తోలుడు?"

"ఎవరిని తోలుతవ్ పెద్దనాయనా? రోగం తెచ్చినోడ్ని నేను. నన్ను తోలు."

ఈ మాట నేను చెప్పి ఉంటే పగ అయ్యేది. అతనే చెప్పాడు కాబట్టి నిజమైంది. పెద్దనాయన నా దగ్గరికి వచ్చి, చెవిలో అడిగాడు: "నా కాలు నొప్పి గూడ గదేనా డాక్టరు సాబ్?"

కాదన్నాను. నమ్మినట్టు కనిపించలేదు. అమావాస్య వెళ్లింది. కులం కూర్చోలేదు.

మందు దొరకడమే పెద్ద పని. అది యుద్ధకాలం. పట్నం నుంచి రావాల్సిన సూది మందు ఒకసారి రానే లేదు. కాంపౌండర్ సాబ్ సెలవు పెట్టి, బస్సులో పోయి, ఎవరెవరినో బతిమాలి, మందు నింపిన గాజు గొట్టాలు దూదిలో చుట్టి షేర్వానీ జేబులో పెట్టుకుని వచ్చాడు. బస్సులో పక్కవాడు ఒరిగితే దారి పొడుగునా వాణ్ణి మోచేత్తో పొడుస్తూనే ఉన్నాడట. "ఒక్కటి గూడ పలగలే సాబ్," అన్నాడు. "ఆయన పక్కటెముకల సంగతి తెల్వదు." పట్నం నుంచి నెత్తురు పరీక్ష జవాబు కూడా అదే బస్సులో వచ్చింది. మాకు తెలిసిందే రాసి ఉంది.

ఆ ఇద్దరూ వారం వారం వచ్చారు. ఎండలో వచ్చారు, విత్తనాల రోజుల్లో కూడా చేను వదిలి వచ్చారు. ఏ రోగానికి వస్తున్నారో ఊళ్లో ఎవరూ అడగలేదు. అందరూ పర్దా వెనక్కే పోతున్నప్పుడు ఏమని అడుగుతారు? వరండాలో ఆ రోజు ఉన్నవాళ్లకు తెలుసు. వాళ్లలో కొందరు దోస్తులు లేకుండానే మెల్లగా నా దగ్గరికి వచ్చారు.

కాన్పుకు నర్సమ్మ బండి మీద పోయింది. తిరిగి వచ్చి చేతులు కడుక్కుంటూ చెప్పింది. నెలలు నిండిన పిల్ల. అరచేతులు, అరికాళ్లు తిప్పి చూసింది, మచ్చ లేదు. "గట్టిగ ఏడిసింది," అన్నది. అత్త, "ఆడపిల్లనా," అని మూతి ముడిచిందట. "బతికిన పిల్ల అనమ్మా," అన్నదట నర్సమ్మ. ఆమె అంతకన్నా వివరంగా ఎన్నడూ మాట్లాడలేదు.

అన్నీ ఇట్లా ముగిశాయని అనుకోకండి. పొక్కులు మాయం కాగానే సూదులు మానేసినవాళ్లు ఎందరో. వాళ్ల పిల్లలను కూడా నర్సమ్మ చూసింది. అవి రాయను. తర్వాత నన్ను గద్వాలకు బదిలీ చేశారు. నా తర్వాత వచ్చినాయన పర్దా ఊడదీయించి, ఎండ పడుతుందని కిటికీకి కట్టించాడని విన్నాను. దోస్తులు మళ్లీ ఊరు విడిచిపోయి ఉంటారు.

ఇప్పుడు పెన్సిలిన్ ఉంది. మేము నెలల తరబడి చేసిన పని చాలా తొందరగా అవుతుంది. సిగ్గుకు మాత్రం ఇంకా మందు కనిపెట్టలేదు కనుక మళ్లీ చెప్తున్నాను. అక్కడ లేచిన ప్రతి పొక్కూ పాపఫలం కాదు, చాలావరకు రోగమే కాదు. జమాదారులాగా హడలిపోయి పళ్లు పోగొట్టుకోవద్దు. గిల్లవద్దు, కోయవద్దు, మైలుతుత్తంతో కాల్చవద్దు. కానీ అది పుండుగా మారినా, నెత్తురో చీమో కారినా, పెరుగుతున్నా, గుంపులుగా లేస్తున్నా, నీళ్ల బొబ్బలై మండుతున్నా, గజ్జల్లో గడ్డలు కట్టినా, జ్వరం వచ్చినా, కొద్ది రోజుల్లో పోకపోయినా చూపించాలి. కొత్త మనిషితో కలిసిన తర్వాత లేచినా, ఇంట్లో రెండో మనిషికి ఉన్నా, కడుపుతో ఉన్న ఆడమనిషికి లేచినా, పోతుందేమోనని ఒక్కరోజు కూడా ఎదురుచూడవద్దు. నొప్పి లేదు కదా అనేది జవాబు కాదు. మానిపోయింది కదా అనేది అసలే కాదు. ఏది ఏదో మీరు తేల్చలేరు. నేను కూడా చూడకుండా తేల్చలేకపోయాను.

అయ్యా, మీకే చెప్తున్నాను. ఎప్పుడో వచ్చి, మానిపోయి, ఎవరికీ చెప్పకుండా దాచిన పుండు మీకు ఒకటుంటే, మీ ఆవిడకు పొక్కులు లేచేదాకా ఆగకండి. ఆమెను లోపలికి పంపి మీరు బయట చెట్టు కింద కూర్చోకండి. ఈ పుస్తకం మూసేసి లేవండి. దవాఖానాకు ఇద్దరూ పోండి. ముందు మీరు చూపించుకోండి.